ఆటలో అరటిపండు

తెనాలి మారీసుపేటలో మా వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉండేది. ఎండ తగ్గి ప్రహరీ నీడ ఆ స్థలంలో సగందాకా రాగానే ఏడుపెంకులాట మొదలు. నాకప్పుడు ఐదేళ్ళు. నేను విసిరిన బంతి పెంకుల దాకా కూడా వెళ్ళేది కాదు. పెద్దపిల్లలు జట్లు పంచుకుంటుంటే గోడవారన నిలబడి చూస్తుండేదాన్ని. ఎదురింటి అన్నయ్య, అప్పటికి తొమ్మిదో తరగతి, రోజూ ఒకే మాట అనేవాడు: "దాన్నీ వేసుకోండిరా, ఆటలో అరటిపండు."

తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. అరటిపండు అంటే ఆటలో ఉన్నట్టే, కానీ బంతి తగిలినా ఔట్ కాదు. పెద్దయ్యాక ఈ మాటని ఆఫీసుల్లో, రాజకీయాల్లో లెక్కలోకి రాని మనిషిని చిన్నబుచ్చడానికి వాడుతున్నారు. విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఆ అన్నయ్య నన్ను అరటిపండు చేసి అక్కడితో వదిలెయ్యలేదు. పెంకులు కూలి అందరూ తలో దిక్కూ పరిగెత్తినప్పుడు నా పక్కకొచ్చి వంగేవాడు. "పెద్ద పెంకు అడుగున పెట్టు. చిన్నవి పైకి. బంతి ఎటుందో నువ్వు చూడకు, అది మేం చూసుకుంటాం." రెండు వేసవులు అలా గడిచాయి. మూడో వేసవిలో ఒక సాయంత్రం బంతి నా వీపు మీద ఫెడీమని తగిలింది. "ఔట్!" అని అరిచారు అందరూ. అరటిపండు అని ఎవరూ అనలేదు. వీపు మండుతున్నా ఆ రోజు ఇంటికి ఎంత సంతోషంగా వెళ్ళానో ఇప్పటికీ గుర్తుంది.

నాకిప్పుడు నలభై దాటాయి. దాదాపు ఇరవయ్యేళ్ళుగా ఆన్‌లైన్ ఆటలు ఆడుతున్నాను. అందులో ఎక్కువ కాలం హీలర్‌గా, అంటే జట్టులో దెబ్బలు తింటున్నవాళ్ళ ప్రాణం నిలబెట్టే పాత్రలో. ఆ లోకంలో ఎప్పటికీ తేలని తగువు ఒకటుంది. ముక్కూ మొహం తెలియని నలుగురైదుగురిని యంత్రం ఒక జట్టుగా కలిపినప్పుడు, అందులో ఒకరికి ఆట రాదనుకోండి. వచ్చినవాళ్ళు ఆగి నేర్పాలా, తీసేసి ముందుకు పోవాలా? నేర్పాలి అనేవాళ్ళలో నేనొకదాన్ని. ఎందుకో చెప్పాలంటే ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో, ఎక్కడ తెగిందో చెప్పాలి.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి పీడీపీ-10 కంప్యూటరు మీద ఒక ఆట రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు మల్టీ యూజర్ డంజన్, పొట్టిగా మడ్. బొమ్మలేవీ లేవు. దారులు, గుహలు, నిధులు అన్నీ తెర మీద వాక్యాలే. కానీ ఒకే లోకంలో ఒకేసారి చాలామంది తిరగొచ్చు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. 1980లో ఆ పని అతని తోటి విద్యార్థి రిచర్డ్ బార్ట్‌ల్ చేతికి వచ్చింది. విశ్వవిద్యాలయం బయటివాళ్ళు రాత్రిపూట, కంప్యూటరు ఖాళీగా ఉండే వేళల్లో టెలిఫోను తీగల మీద వచ్చి ఆడేవాళ్ళు. ఇరవయ్యేళ్ళు పైబడ్డాక హైదరాబాదులో నేనూ నిద్రమానుకుని అదే పని చేశాను కాబట్టి వాళ్ళంటే నాకు అభిమానం.

మడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఆట చివర ఉంది. పాయింట్లు పోగేసుకుంటూ పైమెట్టుకి చేరినవాడు 'విజార్డ్' అవుతాడు. ఇక అతనికి సాధించాల్సిందేమీ లేదు. ఎవరికీ కనబడకుండా తిరగొచ్చు, ఒకరిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చవచ్చు, ఆగం చేసేవాణ్ణి బయటికి పంపొచ్చు. ఆ అధికారంతో కొందరు కొత్తవాళ్ళని ఆదుకున్నారు, కొందరు ఏడిపించారు. ఏమైనా, ఆట మొత్తం నేర్చినవాడి చేతిలో మిగతావాళ్ళని పెట్టాలన్న ఆలోచన ఈ కళ పుట్టుకలోనే ఉంది. తర్వాత 1996లో బార్ట్‌ల్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఆటగాళ్ళని పేకముక్కల్లా నాలుగు రంగులుగా విడదీశాడు. సాధించాలనుకునేవాళ్ళు డైమండ్లు, లోకాన్ని శోధించేవాళ్ళు ఇస్పేట్లు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు ఆఠీన్లు, ఎదుటివాణ్ణి కొట్టడానికి వచ్చేవాళ్ళు కళావర్లు. నేర్పేవాడికి అందులో విడిగా రంగు లేదు. ఉండనక్కర్లేదని నా ఉద్దేశం. నాకు నేర్పినవాళ్ళలో నాలుగు రంగులవాళ్ళూ ఉన్నారు.

1997 సెప్టెంబరులో అల్టిమా ఆన్‌లైన్ వచ్చాక వేలమంది ఒకే లోకంలోకి వచ్చిపడ్డారు. దారి తెలియక చిక్కుకున్నవాళ్ళకి చెప్పడానికి ఆ ఆటలో 'కౌన్సెలర్లు' ఉండేవాళ్ళు. జీతంలేని స్వచ్ఛంద ఆటగాళ్ళు. 2000లో వాళ్ళలో కొందరు కోర్టుకెక్కారు, మేం చేసింది ఉద్యోగమే, వేతనం ఇవ్వాలని. ఆ కేసులో ఎవరి పక్షం సరైనదన్నది నేను తేల్చబోవడం లేదు. కానీ నేర్పడం కూడా పనే, దానికీ ఒళ్ళు అలుస్తుంది అన్న మాట అప్పుడు అందరికీ వినబడింది. నేర్పాలి అని వాదించేవాళ్ళం ఆ సంగతి మరిచిపోకూడదు.

1999 మార్చి 16న ఎవర్‌క్వెస్ట్ మొదలైంది. నేను దాన్ని చాలా ఆలస్యంగా చూశాను, కానీ దాని తొలినాళ్ళ నియమాలు చదివితే ఒక ఊరి కట్టుబాట్లు చదివినట్టుంటుంది. జట్టుకి ఆరుగురు. ఒంటరిగా వెళితే బతకడం కష్టం. చస్తే సంపాదించిన అనుభవంలో కొంత పోతుంది. కత్తి, కవచం అన్నీ శవం మీదే ఉండిపోతాయి. మళ్ళీ పుట్టి, ఒట్టి చేతులతో అదే రాక్షసుల మధ్యలోంచి నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి. ఆలస్యమైతే శవం కుళ్ళిపోయి దానిమీదున్నవీ పోతాయి. కాబట్టి చచ్చినవాడు ఇంకొకడి సాయం అడగక తప్పదు. వైద్యం చేసే క్లెరిక్ మంత్రం వేస్తే పోయిన అనుభవంలో చాలాభాగం తిరిగొస్తుంది. నెక్రోమాన్సర్ అయితే శవాన్నే దగ్గరికి రప్పిస్తాడు. డ్రూయిడ్లు, షామన్లు అనే మంత్రగాళ్ళు అటుగా పోతూ ఊరి వాకిట్లో తిరిగే పసివాళ్ళ మీద తోడేలు వేగం ఇచ్చే మంత్రం వేసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేవాళ్ళు. సర్వర్ ఒక్కటే, పేరు ఒక్కటే. ఇవాళ వదిలేసినవాడు రేపు నీ శవం దగ్గర నిలబడే క్లెరిక్ కావచ్చు. ఆ కష్టం మనుషుల్ని మంచివాళ్ళని చేసిందని నేననను. మంచితనానికి వెంటనే పని కల్పించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఊళ్ళలో నెట్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. నేను విజయవాడలో ఇంజనీరింగు చదువుతున్నప్పుడు, 2003లో, తమ్ముడితో కలిసి ఒక నెట్ సెంటరుకి వెళ్ళేదాన్ని. గంటకి పదిహేను రూపాయలు. ప్లైవుడ్డు అరలు, పది కంప్యూటర్లు, అన్నిట్లోనూ కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల ఆట. ఆడపిల్ల ఆడటం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. మొదటి రోజు ప్రతి రౌండులోనూ అందరికన్నా ముందు చచ్చాను. నా పక్క అరలో సెంటరు యజమాని కొడుకు ఉన్నాడు, ఇంటర్ కుర్రాడు. మూడో రౌండు తర్వాత కుర్చీ నా వైపు జరిపి, నా కీబోర్డు మీద ఎడమ చివరి మీట చూపించాడు. "అక్కా, చిటికెన వేలు ఈ షిఫ్ట్ మీద పెట్టు. నొక్కి పట్టుకుంటే నడుస్తావు. పరిగెడితే నీ అడుగుల చప్పుడు అవతలివాడికి వినబడుతుంది." అంతే చెప్పి తన తెర వైపు తిరిగాడు. అప్పటిదాకా ఆటలో చప్పుడు ఉందని నేను గమనించనే లేదు. ఆ రోజు నుంచి చెవులతో ఆడటం నేర్చుకున్నాను.

నెట్ సెంటరులో నేర్పడం తేలిక. తప్పు చేసిన మనిషి మూడడుగుల దూరంలో కూర్చుని ఉంటుంది. ఆమె మొహం కనబడుతుంది. రేపు మళ్ళీ అదే కుర్చీలో ఉంటుంది. మారీసుపేట ఖాళీ స్థలంలోనూ అంతే. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని ఆటలో వేసుకున్నది దయ ఒక్కదానివల్లే కాదు. జట్టుకి మనుషులు కావాలి. ఇవాళ్టి అరటిపండే రెండేళ్ళకి ఆటగాడు. అందరూ ఒకే వీధివాళ్ళు.

2007లో న్యూజెర్సీలో ఉండే మా బావ నాకు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పెట్టె పంపాడు. 2004 నవంబరులో వచ్చిన ఆట అది. మనదేశంలో దానికి సర్వర్లు లేవు, కాబట్టి అమెరికా సర్వరులో చేరాను. అప్పటికి హైదరాబాదులో నైట్ షిఫ్టు ఉద్యోగం. కారు కూకట్‌పల్లిలో దించేసరికి తెల్లవారుజాము ఐదున్నర. చలికాలంలో న్యూజెర్సీలో అప్పుడు సాయంత్రం ఏడు. వాళ్ళు పని ముగించుకుని ఆటకి కూర్చునే వేళ, నేనూ పని ముగించుకుని కూర్చునే వేళ. కాఫీ పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపేసుకుని మొదలుపెట్టేదాన్ని.

ఆ ఆటలో డంజన్‌కి, అంటే శత్రువులు కాచుకుని ఉండే గుహలాంటి చోటికి, ఐదుగురు వెళ్ళాలి. శత్రువుల దెబ్బలన్నీ తన మీద వేసుకునే ట్యాంక్ ఒకరు, హీలర్ ఒకరు, కొట్టేవాళ్ళు ముగ్గురు. జట్టు కట్టడమే ఒక పూట పని. నగరం నడిబొడ్డున నిలబడి చాట్‌లో కేకలు వేసేవాళ్ళం, ట్యాంక్ ఉన్నాడు, హీలర్ కావాలి అని. గంట గడిచేది. తర్వాత డంజన్ దాకా ప్రయాణం. ముందు చేరిన ఇద్దరు గుమ్మం దగ్గరున్న రాయిని తాకి మిగతా ముగ్గుర్ని పిలవాలి. ఇంత శ్రమపడి చేరాక, హీలర్‌కి ఆట రాదని తేలితే ఏం చేస్తారు? పంపేస్తే మళ్ళీ గంట. అందుకని చెప్పేవాళ్ళు. చెప్పినవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకునేవాళ్ళం, తిట్టినవాళ్ళ పేర్లూ గుర్తుపెట్టుకునేవాళ్ళం.

2009 డిసెంబరు 8న వచ్చిన మార్పుతో ఇదంతా ఒక్క మీటలోకి వచ్చింది. దాని పేరు డంజన్ ఫైండర్. మీట నొక్కితే యంత్రమే వేర్వేరు సర్వర్ల నుంచి ఐదుగుర్ని ఏరి, నేరుగా డంజన్ లోపల దించేస్తుంది. ఆట అయిపోగానే ఎక్కడివాళ్ళు అక్కడికి. నచ్చనివాణ్ణి ఓటు వేసి తీసెయ్యొచ్చు. నేను దాన్ని తప్పుపట్టను. డ్యూటీకీ నిద్రకీ మధ్య రెండు గంటలు మాత్రమే ఉన్న నాలాంటివాళ్ళకి డంజన్లు చూసే భాగ్యం దానివల్లే కలిగింది. కానీ వారాల్లోనే మాటలు మారిపోయాయి. పలకరింపు పోయింది. "గో గో గో" మిగిలింది. కొత్తవాళ్ళ పేరు పక్కన నూబ్, అంటే ఆట రానివాడు, అన్న మాట వచ్చి చేరింది. చెప్పి బాగుచేసుకుంటే నాకేం వస్తుంది, మళ్ళీ కనబడేవాడా? వీధి పోయింది, ఆట మాత్రం మిగిలింది.

ఆ నెలలోనే ఒక ఉదయం యంత్రం నన్ను పిట్ ఆఫ్ సారన్ అనే కొత్త డంజన్‌లో దించింది. అక్కడ మొదటి శత్రువు గార్‌ఫ్రాస్ట్ అనే మంచు రాక్షసుడు. వాడితో పోరాడుతుంటే ఒంటికి చలి పట్టుకుంటుంది, ఒక్కో మెట్టే పెరుగుతుంది. నాకది తెలియదు. నా పాత్ర, ప్రీస్ట్ అనే హీలర్, ఎప్పటిలాగే వెనకాల నిలబడి వైద్యం చేస్తూనే ఉంది. చలి పెరిగి పెరిగి ముందు నేను పోయాను, తర్వాత వరసగా నలుగురూ. ఆటగాళ్ళు దీన్ని వైప్ అంటారు. వెంటనే ఒకరు రాశారు: "హీలర్ నూబ్. తీసేద్దాం." ట్యాంక్ రాశాడు: "ఆగండి. ప్రీస్ట్, ఇక్కడికి మొదటిసారా?"

అవునన్నాను. వేళ్ళు వణికాయి.

"వాడు పెద్ద పెద్ద రాళ్ళు విసురుతాడు. చలి నాలుగైదు మెట్లు ఎక్కగానే పడ్డ రాయి వెనక్కి వెళ్ళు. చలి దిగాక రా. వాడికి నువ్వు కనబడకూడదు, నాకు నువ్వు కనబడాలి."

ఆ చివరి మాటలో మొత్తం విద్య ఉంది. రాయి చాటుకి వెళితే చలి దిగుతుంది. కానీ మరీ చాటుకి వెళితే ట్యాంక్ నాకు కనబడడు, కనబడనివాడికి వైద్యం చెయ్యలేను. రాక్షసుడికీ నాకూ మధ్య రాయి ఉండాలి, ట్యాంక్‌కీ నాకూ మధ్య ఏదీ ఉండకూడదు. అలాంటి చోటు ఒకటి ఉంటుంది, రెండడుగుల మేర. రెండోసారి ఆ చోటు వెతుక్కుని నిలబడ్డాను. గార్‌ఫ్రాస్ట్ పడ్డాడు. "బాగా చేశావు" అని రాశాడు ట్యాంక్. డంజన్ చివర జట్టు విడిపోయింది. అతని సర్వర్ వేరు, అక్కడికి కబురు పంపే వీలు అప్పట్లో లేదు. ధన్యవాదాలు చెప్పేలోపే ఆ పేరు నా తెర మీద నుంచి పోయింది. అతనికి ఒరిగిందేమీ లేదు. ఖర్చయింది ఒక నిమిషం లోపు.

అపరిచితులని ఒకచోట పడేశాం, వాళ్ళు ఒకరినొకరు ఓర్చుకోవాలి కదా అన్న బెంగ ఆట తయారుచేసిన బ్లిజార్డ్‌కీ ఉంది. యంత్రం కలిపిన జట్టులో ఆడేవాళ్ళకి ఐదు శాతం అదనపు బలం ఇచ్చారు. యాభైమంది అపరిచితులతో ఆడితే పేరు పక్కన 'ద పేషెంట్' అన్న బిరుదు. మనమైతే సహనశీలి అనేవాళ్ళం. వందమందితో ఆడితే ఒక పగ్ కుక్కపిల్ల. అపరిచితుల జట్టుని ఆటగాళ్ళు పిక్ అప్ గ్రూప్, పొట్టిగా పగ్ అంటారు, అందుకని ఆ జాతి కుక్క. రెండూ నా దగ్గర ఉన్నాయి. మంచి బహుమతులే. కానీ వందమందితో ఒక్క మాటా మాట్లాడకుండా ఆడినా అవి వస్తాయి.

మరుసటి ఏడాది, 2010 డిసెంబరులో, కాటక్లిజం అనే విస్తరణతో డంజన్లు బాగా కఠినమయ్యాయి. అప్పటికి ఏడాదిపాటు మాట్లాడుకోకుండా ఆడటం అలవాటైన జనం ఒక్కసారిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది. మాట్లాడలేకపోయారు. జట్లు మొదటి వైప్‌కే చెదిరిపోయేవి. ప్రధాన రూపకర్తల్లో ఒకరైన గ్రెగ్ స్ట్రీట్ 2011 జనవరిలో డంజన్లు కష్టంగానే ఉండాలని సమర్థిస్తూ పెద్ద వ్యాసం రాశాడు. ఏప్రిల్‌కి కంపెనీ, కొరతగా ఉన్న పాత్రలో చేరేవాళ్ళకి ఒక సంచీ నిండా కానుకలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎక్కువసార్లు ఆ కొరత ట్యాంకులదే. ట్యాంకులు ఎందుకు తగ్గిపోయారో కానుకల సంచీ చెప్పదు. తప్పు జరిగితే అందరి తిట్లూ పడేది ముందు ట్యాంక్‌కీ, తర్వాత హీలర్‌కీ. నేర్చుకోవడానికి వచ్చిన ట్యాంక్‌ని నాలుగుసార్లు తరిమితే ఐదోసారి వాడు రాడు. కొత్తవాళ్ళని తరిమిన ఆటకి కొంతకాలానికి పాతవాళ్ళూ కరువవుతారు. దీన్ని నేను కళ్ళారా చూశాను.

అన్ని ఆటలూ ఇలాగే పోలేదు. 2004 ఏప్రిల్‌లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్‌లో పెద్ద ఆటగాడు చిన్నవాణ్ణి తన పక్కన చేర్చుకుంటే, చిన్నవాడి స్థాయి ఆ కాసేపూ పెద్దవాడి దగ్గరికి పెరిగేది. అదే ఏడాది ఈవ్ ఆన్‌లైన్ అనే, మోసానికీ దోపిడీకీ పేరుమోసిన అంతరిక్ష ఆటలో ఆటగాళ్ళే ఈవ్ యూనివర్సిటీ అని ఒక బడి పెట్టుకున్నారు. కొత్తవాళ్ళని చేర్చుకుని పాఠాలు చెప్పడమే దాని పని. ఇప్పటికీ నడుస్తోంది.

నాకు అన్నిటికన్నా తెలివిగా కనబడింది జపానువాళ్ళ ఫైనల్ ఫాంటసీ 14. 2013 ఆగస్టులో మళ్ళీ కొత్తగా పుట్టిన ఆట అది. జపానులో కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఏడాదిపాటు కారుకి పసుపు, ఆకుపచ్చ చిగురాకు గుర్తు పెట్టుకోవాలి. 1972 నుంచి ఉన్న నియమం. ఈ ఆటలో కొత్తవాడి పేరు పక్కన ఒక చిన్న మొలక ఉంటుంది, ఆ సంప్రదాయంలోదే. రోడ్డు మీద ఆ గుర్తు చూసి వెనకవాడు దూరం పాటించినట్టు, ఇక్కడా ఆగుతారు. అంతకన్నా ముఖ్యం, జట్టులో ఎవరైనా ఆ డంజన్‌కి మొదటిసారి వచ్చి ఉంటే, ఆట మొదట్లోనే ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. ఎవరో చెప్పదు, ఉన్నారని మాత్రం చెబుతుంది. పూర్తిచేస్తే అందరికీ అదనపు ప్రతిఫలం. ఆ ఒక్క ఏర్పాటుతో కొత్తవాడు జట్టుకి బరువు కాకుండా అదృష్టం అయ్యాడు. ఆట అయ్యాక తోటివాళ్ళలో ఒకరికి మెచ్చుకోలు ఇవ్వొచ్చు. 2016లో మెంటర్లని పెట్టారు, పేరు పక్కన కిరీటం గుర్తుతో. మెంటర్ల వరసలో 2,000 సార్లు ఆడితే ఒక గుర్రం వస్తుంది. అక్కడే మళ్ళీ పాత జబ్బు కనిపించింది. కొందరు కిరీటం పెట్టుకుంది గుర్రం కోసమే. కొత్తవాళ్ళ వంక చూడరు.

డెమన్స్ సోల్స్ రూపకర్త హిడెటాకా మియజాకి చెప్పిన ఒక అనుభవం నేను తరచూ తలుచుకుంటాను. మంచు పడ్డ ఒక ఎగుడు దారిలో అతని ముందున్న కార్లు జారి ఆగిపోయాయి. వెనక కారు ముందు కారుని మెల్లగా నెట్టింది, దాన్ని ఇంకో కారు నెట్టింది. అలా అందరూ పైకి చేరారు. ఆగి ధన్యవాదాలు చెబుదామంటే మళ్ళీ జారిపోతారు. చిట్టచివరి కారుని నెట్టడానికి మాత్రం వెనక ఎవరూ లేరు. ఆ మనిషి ఇల్లు చేరాడో లేదో అన్న ఆలోచన అతన్ని వదల్లేదు. 2009లో వచ్చిన ఆ ఆటలో అపరిచితులు వచ్చి సాయపడి, పని కాగానే మాయమైపోయే పద్ధతి అందులోంచి పుట్టిందే. ఆ వరసలోనే 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చింది. అందులో మలేనియా అనే శత్రువు చేతిలో చచ్చి చచ్చి విసిగినవాళ్ళ కోసం, తల మీద కుండ బోర్లించుకున్న ఒక ఆటగాడు పిలవగానే వచ్చి ఒంటరిగా ఆమెతో పోరాడేవాడు. వెయ్యిసార్లకి పైగా గెలిచిపెట్టాడు. ఆట ప్రచురణకర్తలు అతనికి నిజమైన కత్తి పంపి గౌరవించారు.

అవతలి పక్షం మాట కూడా నేను వినకుండా లేను. పిల్లల్ని నిద్రపుచ్చి అరగంట ఆడుకునే తల్లికి ఆ అరగంటే ఉంది. ఆమె బడిపంతులుగా చేరలేదు. నిజమే. కానీ లెక్క చూడండి. హీలర్‌ని తీసేసి ఇంకో హీలర్ కోసం ఎదురుచూసే సమయం కన్నా, రాయి వెనక్కి వెళ్ళమని రాసే సమయం తక్కువ. ఇంకో అభ్యంతరం ఉంది, అది ఇంకా బలమైనది. చాలామంది నేర్పడం పేరుతో గొడవ పెట్టుకుంటారు. అడక్కుండానే మొదలుపెట్టి, ప్రతి అడుగుకీ వంక పెట్టి, ఏడు తప్పులు ఒకేసారి ఏకరువు పెడతారు. తనంతట తాను కనుక్కోవాలని వచ్చినవాడి సరదా చంపేస్తారు. ఇది నేర్పడం కాదు. ఎదురింటి అన్నయ్య చెప్పింది పెద్ద పెంకు అడుగున పెట్టమని. నెట్ సెంటరు కుర్రాడు చూపించింది ఒక్క మీట. ట్యాంక్ ముందు అడిగాడు, తర్వాత చెప్పాడు. కొత్తవాళ్ళ వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. ఇది నాకు మొదటిసారి అని గుమ్మంలోనే చెప్పేయాలి. నేను ఆ రోజు చెప్పి ఉంటే నలుగురూ ఒకసారి చచ్చేవాళ్ళు కాదు.

నిరుటి ముందు సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. మా అక్క కొడుకు పదో తరగతి. ఫోనులో బీజీఎంఐ ఆడుతున్నాడు. 2020 సెప్టెంబరులో మనదేశంలో పబ్జీ మొబైల్‌ని నిషేధించాక, 2021 జులైలో ఆ పేరుతో వచ్చిన ఆట. ఏడాదికి అదీ ఆగి, 2023 మేలో మళ్ళీ తిరిగొచ్చింది. స్క్వాడ్ అంటే నలుగురు. స్నేహితులు లేనప్పుడు యంత్రం ఎవరినో కలుపుతుంది, వాళ్ళని ఈ పిల్లలు రాండమ్స్ అంటారు. మైకులో ఒకరిది హిందీ, ఒకరిది తమిళం. మూడో గొంతు చిన్న పిల్లవాడిది, మన తెలుగే. వాడు మొదటి కాల్పుల్లోనే కూలి మోకాళ్ళ మీద పాకుతున్నాడు. "అన్నా, రివైవ్ చెయ్యవా, నాకు సరిగ్గా ఆడటం రాదు" అంటున్నాడు.

"వెళ్ళవేంరా?" అన్నాను.

"జోన్ వచ్చేస్తోంది పిన్నీ. రాండమ్ వాడు."

జోన్ అంటే అంతకంతకూ చిన్నదయ్యే వలయం, దాని బయట చిక్కుకుంటే ప్రాణం తరిగిపోతుంది. నేనింకేమీ అనలేదు. రివైవ్ చెయ్యాలంటే, అంటే పడ్డవాణ్ణి లేపాలంటే, వాడి పక్కన కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, ఆ సేపు ఎవరైనా కాల్చేయొచ్చు. వాడికి ఆ భయం ఉంది, అది నిజమైన భయమే. బొటనవేలు తెర మీద ఒక క్షణం ఆగింది. తర్వాత వెనక్కి తిప్పాడు. "తమ్ముడూ, అక్కడే ఉండకు. పాకుతూ ఆ చెట్టు వెనక్కి రా. వాళ్ళకి కనబడకు. నేనొస్తున్నా." ఆ ఆట వాళ్ళు గెలవలేదు. పదకొండో స్థానంలో పోయారు. కానీ ఆ పిల్లవాడు ఇంకో రౌండుకి కూడా ఉండిపోయాడు.

మా వీధి చివర ఖాళీ స్థలంలో ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. పిల్లలు ఆడుకునే చోటు ఇక ఫోనే. మీరు ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళయితే ఒక్కటి అడుగుతాను. ఈ రాత్రి యంత్రం మిమ్మల్ని ఎవరితో కలిపినా సరే, మొదటి అడుగు వెయ్యకముందు ఒకసారి రాయండి: "ఇక్కడికి ఎవరైనా మొదటిసారి వచ్చారా?" జవాబు రాకపోతే ముందుకు పదండి. వస్తే, రాయి ఎక్కడుందో చెప్పండి.